చదరంగపు సంఖ్య: పద్యమూ, లెక్కా

చదరంగాన్ని కల్పించిన విద్వాంసునికి రాజు వరమిచ్చిన కథ వినని విద్యార్థి తెలుగునాట అరుదు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు అరవై నాలుగు గళ్లకూ రెట్టింపు చేసుకొంటూ పోయి, ఆ మొత్తాన్ని ఇప్పించవలసినదిగా అతడు వేడుకొన్నాడట. రాజు నవ్వి సరేనన్నాడు. గాదెల అధికారి లెక్క కట్టి తెల్లబోయినాడు. పదమూడవ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే అరబ్బీ రచయిత ఈ కథను గ్రంథస్థం చేసినాడు. అందులో విద్వాంసుని పేరు సిస్సా. పాఠశాలలో ఈ కథ సామాన్యంగా రాజు తెల్లమొగం వేయడంతో ముగుస్తుంది. పిల్లలు కూడా రాజుతోపాటు ఆశ్చర్యపడి ఇండ్లకు పోతారు. లెక్క అక్కడనే మొదలు కావలసినదని చెప్పేవారు తక్కువ.

ఆ మొత్తం 18446744073709551615. ఇరవై అంకెలు. గ్రాముకు నలభై బియ్యపు గింజలు తూగుతాయనుకొంటే ఇది సుమారు 46 వేల కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతటా పండే బియ్యం ఏటికి 50 కోట్ల టన్నులకు కొంచెం పైబడి ఉన్నది గనుక, ఆ రాజు బాకీ తీరడానికి ఇప్పటి లోకమంతా ఇంచుమించు తొమ్మిది వందల ఏండ్లు పస్తుండి పంట నంతటినీ ఒప్పజెప్పవలసి వస్తుంది. ఇంతవరకు చెప్పినది పరిమాణాన్ని గూర్చి. పెద్దదగుట ఏ సంఖ్యకూ ప్రత్యేక గుణం కాదు. దానికి మరొకటి కలిపితే అంతకన్న పెద్దది వస్తుంది. ఈ సంఖ్యకు ఉన్న గుణాలు వేరు. అవి దాని కట్టడంలో ఉన్నవి. వాటిని చూడడానికి ఉన్నత పాఠశాల గణితం చాలు. తెలుగు విద్యార్థికి అదనంగా ఒక పద్యం తోడున్నది.

మొదట కూడిక సంగతి. అరవై నాలుగు గళ్ల గింజలను ఒక్కొక్కటిగా కూడవలసిన పని లేదు. పలక వెలుపల నుంచి ఒక్క గింజ అప్పు తెచ్చి మొదటి గడిలోని గింజతో కలిపితే రెండు; అవి రెండవ గడిలోని రెండింటితో కలిస్తే నాలుగు; అవి మూడవ గడితో కలిస్తే ఎనిమిది. ఇట్లు చివరిదాకా పోతే, పలకపై లేని అరవై అయిదవ గడికి చెందవలసిన సంఖ్య వస్తుంది. అప్పు గింజను తిరిగి ఇచ్చివేస్తే మిగిలినది మొత్తం. ఈ మాట రెండు నిమిషాలలో ఏడవ తరగతి పిల్లవానికి కూడా బోధపడుతుంది. గుణశ్రేఢి సూత్రాన్ని ముందు వల్లె వేయించి, తరువాత దానికి ఉదాహరణగా ఈ కథ చెప్పే పద్ధతి తలక్రిందుల పద్ధతి.

ఇక అరవై అయిదవ గడి విలువ కట్టడానికి అరవై నాలుగు రెట్టింపులు అవసరమా? దాదాపు 1000వ సంవత్సరంలో, ప్రాచీన జాతుల కాలగణనను గూర్చి రచించిన గ్రంథంలో అల్ బిరూనీ దీనికి దగ్గరి దారి చెప్పినాడు. ఒక గడి విలువను దానితోనే హెచ్చిస్తే, మొదటి గడికి అది ఎంత దూరమో మరి అంత దూరం ఆవలనున్న గడి విలువ వస్తుంది. అయిదవ గడిలో 16. దాని వర్గం 256, అది తొమ్మిదవ గడి. దాని వర్గం 65536, అది పదునేడవది. దాని వర్గం 4294967296, అది ముప్పది మూడవది. దానిని మరొకసారి వర్గిస్తే పని ముగిసినది.

ఈ దారి అంతకు ఎంతో ముందే భారతదేశంలో నలిగిన దారి. దానిని వేసినవాడు ఛందశ్శాస్త్రకర్త పింగళుడు. గురు లఘువులను అన్ని విధాలా మార్చి కూర్చితే ఇన్ని అక్షరాల పాదానికి ఎన్ని రూపాలు వస్తాయన్నది ఆయన ప్రశ్న. ఒక్కొక్క అక్షరానికి రెండు అవకాశాలు గనుక ఇదీ రెట్టింపుల లెక్కయే. అక్షరసంఖ్య సగమయితే ఒక గుర్తు, సగం కాక ఒకటి తీసివేయవలసి వస్తే మరొక గుర్తు పెట్టుకొంటూ సున్న వరకు దిగడం. తిరిగి ఎక్కేటప్పుడు మొదటి గుర్తు వద్ద వర్గించడం, రెండవ గుర్తు వద్ద రెట్టింపు చేయడం. ఇరవై ఒక్క అక్షరాల చంపకమాలకు చేసి చూస్తే 2, 4, 16, 32, 1024, 1048576, 2097152 అని ఏడు మెట్లలో లెక్క తేలుతుంది. అనగా ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందస్సులో పుట్టగల సమవృత్తాలు 2097152. చదరంగపు పలకపై ఇరవై రెండవ గడిలో ఉండవలసిన గింజలు కూడా అన్నియే.

తెలుగు తరగతిలో షట్ప్రత్యయాలు చెప్పేటప్పుడు ఉద్దిష్టం అనే ప్రక్రియను చాలామంది ఉపాధ్యాయులు తొందరగా దాటవేస్తారు. అది కవిత్వానికి పనికిరాని లెక్క అని వారి భావం కావచ్చును. చదరంగపు పలక పక్కన పెట్టుకొంటే అదే ఆటగా మారుతుంది. ఉత్పలమాల పాదంలోని ఇరవై అక్షరాలను మొదటి ఇరవై గళ్లపై వరుసగా ఉంచాలి. లఘువు పడిన గళ్లలోని గింజలను మాత్రమే కూడాలి. వచ్చిన 355798కి ఒకటి కలిపితే 355799. ఇదే కృతి ఛందస్సులో ఉత్పలమాల వరుస సంఖ్య. చంపకమాలకు ఇట్లే చేస్తే 711600 వస్తుంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విరిస్తే చంపకమాల అవుతుందని ప్రతి విద్యార్థికీ తెలుసు. విరిచినప్పుడు తక్కిన అక్షరాలన్నీ ఒక్కొక్క గడి ముందుకు జరిగి రెట్టింపు విలువ పొందుతాయి. కొత్తగా వచ్చిన రెండు లఘువులు ఒకటి, రెండు, వెరసి మూడు గింజలు తెస్తాయి. 355798కి రెట్టింపు 711596. దానికి మూడు, ఆపైన ఆ ఒకటీ కలిపితే 711600. ఛందస్సూ గణితమూ ఒకదానినొకటి తాకే చోటు ఇంతకంటె స్పష్టంగా మరొకటి దొరకడం కష్టం.

ఆ చంపకమాలలోనే పావులూరి మల్లన చదరంగపు సంఖ్యను చెప్పినాడు. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని తెనిగించిన మల్లన, పదకొండవ శతాబ్దం వాడని పలువురు సాహిత్య చరిత్రకారులు అంటారు. తెలుగులో శాస్త్రగ్రంథాలకు అతనిదే తొలి అడుగుగా లెక్కిస్తారు. ఆ పద్యంలో అంకెలకు బదులు వస్తువుల పేర్లు ఉంటాయి. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదమంటే నాలుగు, శరమంటే అయిదు, తర్కమంటే ఆరు, గిరి అంటే ఏడు, కుంజరమంటే ఎనిమిది, రంధ్రమంటే తొమ్మిది, గగనమంటే సున్న. ఒకట్ల స్థానంతో మొదలు పెట్టి ఎడమకు చదువుకొంటూ పోవాలి. రెండుకు గుర్తయిన మాట ఒక్కటీ పద్యంలో లేదు. ఏలనగా రెట్టింపులతోనే పుట్టిన ఈ సంఖ్యలో రెండు అన్న అంకె ఎక్కడా లేదు! నాలుగు అనే అంకె మాత్రం నాలుగుసార్లు వచ్చినది. ఆ నాలుగింటికీ మల్లన నాలుగు వేర్వేరు మాటలు వాడినాడు.

ఈ పద్యం సామాన్యంగా రెండు విధాల చేతికి చిక్కి నలుగుతున్నది. పూర్వుల ఘనతను చాటదలచినవారు దీనిని సభలో చదివి, ఇరవై అంకెల సంఖ్యను పద్యంలో ఇమిడ్చిన మేధను కొనియాడి, చప్పట్ల నడుమ కూర్చుంటారు. వారిలో ఎందరు ఆ గుణకారం చేసి చూసినారో వారికే తెలియాలి. మరికొందరు ఇది ఒట్టి మాటల గారడి అనీ, అంకెలు వేసుకొంటే ఒక్క పంక్తిలో తేలిపోయే దానికి చంద్రుడూ ఏనుగులూ ఎందుకనీ పెదవి విరుస్తారు. రెండవ వర్గం వారి అభ్యంతరంలో కొంత న్యాయం లేకపోలేదు. భూతసంఖ్యా పద్ధతిలో సందిగ్ధత ఉన్నది. సముద్రమంటే సాధారణంగా నాలుగు. కాని సప్తసముద్రాలు విన్న పిల్లవాడు ఏడని గ్రహిస్తే అతనిని తప్పు పట్టడమెట్లు? రాతప్రతి ఎత్తివ్రాసేవాడు నగము అన్న చోట నాగము అని దీర్ఘమిస్తే ఏడు ఎనిమిది అవుతుంది. కొండ పోయి ఏనుగు వచ్చి కూర్చుంటుంది.

అయితే ఈ పద్యానికి రెండు కావళ్లున్నవి. నగము నాగమయితే లఘువు గురువయి చంపకమాల నడక చెడుతుంది. ఛందస్సు వెంటనే పట్టుకొంటుంది. అబ్ధి అన్న చోట ఎవరైనా అద్రి అని వ్రాస్తే మాత్రం నడక చెడదు. రెండు మాటలకూ గురు లఘువుల తీరు ఒక్కటే. సముద్రం కొండ అయిపోయి, నాలుగు ఏడైపోయినా చెవికి ఏమీ తెలియదు. అప్పుడు రెండవ కావలివాడు, గణితం, లేచి నిలుచుంటాడు.

ఈ రెండవ కావలి పని చేసే తీరు తరగతిలో చూపదగినది. రెండును ఆరుసార్లు హెచ్చిస్తే 64. దానిని తొమ్మిదితో భాగిస్తే శేషం ఒకటి. అందువల్ల అరవై హెచ్చింపుల తరువాత కూడా శేషం ఒకటియే. మిగిలిన నాలుగు హెచ్చింపులు 16, శేషం ఏడు. అందులోనుంచి ఒకటి తీసివేస్తే ఆరు. కాబట్టి చదరంగపు సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే ఆరు మిగిలి తీరవలెను. పద్యం చెప్పిన ఇరవై అంకెలను కూడితే 87. ఎనిమిదీ ఏడూ పదునైదు. ఒకటీ అయిదూ ఆరు. సరిపోయినది. ఒక సముద్రాన్ని ఏడుగా తీసుకొంటే అంకెల మొత్తం 90 అయి శేషం సున్న వస్తుంది. పద్యంలోని రెండు సముద్రాలనూ ఏడుగా తీసుకొంటే 93 అయి శేషం మూడు వస్తుంది. రెండూ పట్టుబడినవి. పక్కపక్క అంకెలు తారుమారయితే ఈ పరీక్షకు దొరకవు. దానికి పదకొండు పరీక్ష ఉన్నది: ఒకట్ల స్థానం నుంచి మొదలు పెట్టి అంకెలను ఒకటి కలుపుతూ ఒకటి తీసివేస్తూ పోతే ఇక్కడ 37 వస్తుంది, అనగా శేషం నాలుగు. రెట్టింపుల వైపు నుంచి వచ్చినా శేషం నాలుగే.

కావ్యంలో పాఠభేదం వచ్చినప్పుడు పండితులు వాదించుకొంటారు. ఒకరికి ఇంపయినది మరొకరికి కాకపోవచ్చును. ఈ పద్యంలోని అంకెలకు సంబంధించినంత వరకు ఆ వాదానికి తావు లేదు. ఏ ప్రతి దొరికినా, ఏ తాటాకు చిరిగినా, ఒక విద్యార్థి కాగితం మీద ఆరుసార్లు వర్గించి సరియైన పాఠాన్ని నిర్ణయించగలడు. మల్లనను పొగడదలచినవారు పొగడవలసినది ఇందుకు. అతడు చెప్పిన మాటను నమ్మవలసిన పని లేకుండా చెప్పినాడు.

నమ్మకాన్ని గూర్చి చెప్పవలసివస్తే, ఈ సంఖ్య కడుపులోనే మరొక కథ ఉన్నది. దీని కారణాంకాలను కనుక్కోవడానికి పలకను మడతలుగా చూస్తే చాలు. మొదటి రెండు గళ్లలో మూడు గింజలు. తరువాతి రెండు గళ్లలో వాటికి నాలుగు రెట్లు; కాబట్టి నాలుగు గళ్లకు 3 × 5. తరువాతి నాలుగింటిలో దానికి పదహారు రెట్లు. మొదటి వరుస మొత్తానికి 3 × 5 × 17, అనగా 255. రెండవ వరుస మొదటిదానికి 256 రెట్లు. రెండు వరుసలకు 257తో హెచ్చించాలి. నాలుగు వరుసలకు 65537తో. ఎనిమిది వరుసలకు, అనగా పలకంతటికీ, 4294967297తో. మూడు, అయిదు, పదిహేడు, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే, తమతోనూ ఒకటితోనూ తప్ప మరి దేనితోనూ తెగనివి. మరి ఆరవది?

ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 ప్రాంతంలో ఇట్టి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని తన లేఖలలో వ్రాసినాడు. మొదటి అయిదూ అట్లే ఉన్నవి గదా. నిరూపణ మాత్రం తన వద్ద లేదని ఒప్పుకొన్నాడు. 1729లో గోల్డ్‌బాక్ ఈ మాటను ఆయిలర్ చెవిని వేసినాడు. 1732 నాటికి, ఇరవై అయిదేండ్ల ఆయిలర్ ఆరవ సంఖ్య 641తో తెగుతుందని చూపినాడు: 4294967297 అంటే 641 × 6700417. దీనిని భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా 64 యొక్క గుణిజానికి ఒకటి కలిపిన రూపంలో ఉండి తీరాలని ఆయనే తరువాత నిరూపించినాడు. ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641; వెదకినవానికి అయిదవ ప్రయత్నంలోనే చిక్కుతుంది. (చదరంగపు గళ్లూ అరవై నాలుగే కావడం కాకతాళీయం కాదు, పలక మొత్తానికి చివరి మడత విప్పేది ఈ సంఖ్యయే గదా.)

641 తెగుతుందని గుణించకుండానే చూపే యుక్తి ఒకటి ఉన్నది. దానిని నల్లబల్లపై వ్రాయడానికి నాలుగు పంక్తులు చాలు. 641 అంటే 5 × 128కి ఒకటి ఎక్కువ. కాబట్టి 641తో భాగించేటప్పుడు 5 × 128ను ఋణ ఒకటిగా చూడవచ్చును. దానిని నాలుగుసార్లు హెచ్చిస్తే ధన ఒకటి: అనగా 625ను, ఇరవై ఎనిమిది రెండ్ల లబ్ధంతో హెచ్చిస్తే శేషం ఒకటి. మరొకవైపు 641 అంటే 625 + 16. కాబట్టి 625 ఉన్న చోట ఋణ 16 పెట్టవచ్చును. పదహారు అంటే నాలుగు రెండ్లు. ఇరవై ఎనిమిదికి నాలుగు చేరి ముప్పది రెండు రెండ్ల లబ్ధానికి శేషం ఋణ ఒకటి. దానికి ఒకటి కలిపితే సున్న. తెగినది. ఫెర్మా వంటివాడు సరిచూడక వదిలిన దానిని ఉన్నత పాఠశాల విద్యార్థి సరిచూడగలడు. పేరు గొప్పదయితే మాట నిజమని తలచే పిల్లలకు ఇంతకంటె మంచి పాఠం గణితంలో అరుదు. అది మల్లనకూ వర్తిస్తుంది, ఫెర్మాకూ వర్తిస్తుంది. ఒకరిది సరిచూస్తే నిలిచినది. మరొకరిది సరిచూస్తే కూలినది.

ఆ కూలిన చోటు ఫలితం రేఖాగణితంలో కూడా కనిపిస్తుంది. 1796లో, ఇంకా పందొమ్మిది నిండని గౌస్, పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయవచ్చునని కనుగొన్నాడు. బేసి సంఖ్య గల భుజాలతో అట్లు గీయదగినవి, ఫెర్మా రూపంలోని వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధాలు మాత్రమేనని 1837లో వాంట్‌జెల్ నిరూపణతో పూర్తిగా తేలినది. 65537 భుజాల ఆకృతి నిర్మాణానికి హెర్మిస్ అనే జర్మను పండితుడు పదేండ్లు వెచ్చించి, ఆ వ్రాతప్రతిని గట్టింజెన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చినాడు; దానిని ఎవరైనా తుదిముట్ట చదివినారో లేదో గాని, ఆ ఓపికకు నమస్కరించవలసినదే. ఇప్పుడు పలకను చూడండి. సగం పలకలోని గింజలు 4294967295. అది అయిదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం. అన్ని భుజాలు గల క్రమ బహుభుజిని, సిద్ధాంతరీత్యా, గీయవచ్చును. నేటి వరకు తెలిసినంతలో బేసి సంఖ్య గల భుజాలతో గీయదగిన అతిపెద్ద ఆకృతి అదే. ఆరవ ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. పూర్తి పలకలోని సంఖ్యకు సరిపడు భుజాలతో మాత్రం గీయడం అసాధ్యం. అడ్డు వచ్చినది ఆ 641, దాని తోడు 6700417.

పింగళుని గురు లఘువులు నేడు కంప్యూటరులో ఒకటి, సున్నలుగా కొనసాగుతున్నవి. అరవై నాలుగు స్థానాలలో పట్టే గరిష్ఠ సంఖ్య, ఋణ సంఖ్యలను పక్కన పెడితే, ఈ చదరంగపు సంఖ్యయే. అన్ని స్థానాలూ ఒకట్లతో నిండినప్పుడు వచ్చేది అదే. దానికి ఒకటి కలిపితే ఆ స్థానాలన్నీ సున్నలయిపోతాయి. అప్పు తెచ్చిన గింజ కథ ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది.

ఇంత సామగ్రి ఒక్క సంఖ్య చుట్టూ ఉన్నప్పుడు, తెలుగు ఉపాధ్యాయుడు పద్యానికి టీకా చెప్పి ఊరుకోవడమూ, గణితోపాధ్యాయుడు పద్యం తనది కాదని తలచడమూ విద్యార్థికి జరుగుతున్న అన్యాయం. ప్రణాళిక మారేదాకా వేచి ఉండనక్కరలేదు. ఒక పూట ఇద్దరూ ఒకే తరగతిలో నిలబడితే చాలు. ఒకరు చంపకమాలను గణాలుగా విడదీసి, మాటలను అంకెలుగా మార్పిస్తారు. మరొకరు పిల్లల చేత వర్గింపజేస్తారు. రెండు వైపుల నుంచి వచ్చిన ఇరవై అంకెలు నల్లబల్ల నడుమ కలుసుకొంటాయి. ఎక్కడైనా ఒక అంకె కలవకపోతే మరీ మంచిది. తప్పు పద్యం చదివినవారిదా, గుణించినవారిదా అన్నది తొమ్మిది పరీక్షతో పిల్లలే తేల్చుకొంటారు.

వారికి వ్యవధి మిగిలితే మరొక పని అప్పగించవచ్చును. చదరంగపు సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అని ఏడు ప్రధాన కారణాంకాలు. ఏదీ రెండుసార్లు రాదు. వీటిలో కావలసినన్ని ఎన్నుకొని హెచ్చించుకొంటూ పోతే, ఒకటితోనూ, ఆ సంఖ్యతోనూ కలిపి, దానిని శేషం లేకుండా భాగించేవి మొత్తం 128 తేలుతాయి. మొదటి వరుస చివరి గడిలో సిస్సా పెట్టించిన గింజలూ అన్నే.